కంప్రెసర్: ఫ్రిజ్‌దా, పాటదా?
పాత అలెసిస్ 3630 ఆడియో పెట్టెను చవగ్గా కొని, కంప్రెసర్ తెచ్చానంటే ఎదురింటి పిన్నిగారు ‘ఫ్రిజ్ పాడైందా నాయనా?’ అని జాలిపడ్డారు. ఆవిడ తప్పేం లేదు. మన ఇళ్లలో కంప్రెసర్ అంటే ఫ్రిజ్ వెనక గుర్రుమనేదే, లేదంటే పంక్చర్ షాపులో గాలి పట్టేది. మాట మూలం లాటిన్ ‘ప్రెమెరె’, నొక్కడం. ముందు ‘కొమ్’ చేరితే అంతా కలిపి నొక్కడం. ప్రెస్సు, ప్రెషర్ కుక్కర్, ఎస్ప్రెస్సో, చివరికి ప్రింటు కూడా ఆ వంశమే. మన ‘సంపీడనం’ కట్టడమూ అచ్చం అదే: సం, పీడనం. సంస్కృతంలో పీడించడమంటే పిండడం, నొక్కడం కూడా. ఆ అర్థం తెలుగులో అల్పపీడనం లాంటి మాటల్లో తలదాచుకుంది. ఇంట్లో మాత్రం పీడ అంటే విరగడవ్వాల్సిందే. నా పెట్టె నొక్కేది గాలిని కాదు, శబ్దంలోని ఎగుడుదిగుళ్లని. నిష్పత్తి 4:1 పెడితే, మనం గీసిన గీత దాటి 8 డెసిబెల్స్ ఎగరబోయిన కేక 2 దగ్గరే ఆగుతుంది. అర్ధరాత్రి సినిమాలో గుసగుసల కోసం వాల్యూమ్ పెంచినా ఫైట్ సీను ఇల్లంతా లేపదు. కొందరు దీన్ని ‘సౌండ్ పెంచే మిషన్’ అంటారు, అది తప్పు. ముందు అణుస్తుంది, ఆ తరవాతే మొత్తాన్ని లేపుకుంటాం. ఎంపీత్రీ కంప్రెషన్ మరీ వేరు, అది ఫైలు సైజు తగ్గించేది. పిన్నిగారికి ‘అరుపుల్ని అణిచేది’ అని చెప్పాను. ‘మా ఆయనక్కూడా ఒకటి చూడు’ అన్నారు.