నెత్తిమీది కిటికీ

మూడేళ్ల క్రితం మా అబ్బాయి కారు కొన్నాడు. కొంటే కొన్నాడు గానీ, నెత్తిమీద కిటికీ ఉన్న కారు కొన్నాడు. "సన్‌రూఫ్ అంటారమ్మా, మీట నొక్కితే తెరుచుకుంటుంది" అని మురిసిపోయాడు. "మాడు పగిలే ఎండల్లో మనకెందుకురా?" అన్నాను. నా మాట వినేదెవరు!

పోయిన సంక్రాంతికి తెనాలి నుంచి అందరం ఆ కార్లో మా పుట్టిల్లు వేటపాలెం బయల్దేరాం. బాపట్ల దాటగానే మా మనవరాలు పైకిటికీ తెరవమని పేచీ మొదలెట్టింది. అబ్బాయి మీట నొక్కాడు. లోపలెక్కడో గుర్రుమంది తప్ప అద్దం కదల్లేదు. "చేత్తో గట్టిగా నెట్టరా" అని మావారి సలహా. ఆయన రేడియో దగ్గర్నుంచి అన్నిటికీ చెప్పే వైద్యం అదే.

వేటపాలెంలో ఒక మెకానిక్ కుర్రాడు చూశాడు. "నెట్టకండి బాబాయిగారూ, పట్టాల మీంచి తప్పుకుంటే ఖర్చు పదింతలవుతుంది" అన్నాడు. మోటారు చప్పుడు వస్తోంది కనక కరెంటు అందుతోందట. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడాలట. అద్దం జరిగే పట్టాల నిండా దుమ్మూ, ఎండిన వేపాకులూ. మరి మా కారు ఉండేది వేపచెట్టు కిందేగా! పట్టాలు గుడ్డతో తుడిచి, రబ్బరు అంచు శుభ్రం చేసి, కాస్త గ్రీజు రాశాడు. అద్దం సగం దాకా వచ్చి ఆగింది.

"ఈమధ్య బ్యాటరీ ఏమన్నా తీశారా?"

"పోయిన నెలే మార్పించాం."

"అదీ సంగతి. ఎక్కడికి తెరవాలో, ఎక్కడికి మూయాలో మర్చిపోయింది."

కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులో చెప్పినట్టు మీట నొక్కిపట్టి ఉంచాడు. అద్దం బుద్ధిగా ఒకసారి తెరుచుకుని, ఒకసారి మూసుకుంది. పాఠం అప్పజెప్పినట్టే! ఒక్కో కారుకి ఒక్కో పద్ధతట. ఆ పుస్తకాన్ని మేం అంతవరకూ పాలిథిన్ సంచిలోంచి తీస్తే ఒట్టు.

అంతటితో వదల్లేదు ఆ కుర్రాడు. చెంబుతో నీళ్లు తెమ్మని, పైకిటికీ నాలుగు మూలలా కొంచెం కొంచెం పోశాడు. మూడు మూలల నీళ్లు సన్నటి గొట్టాల్లోంచి కారు కిందికి జారాయి. నాలుగోది నిలబడిపోయింది. "తూము పూడిందమ్మా. ఇలాగే వదిలేస్తే వానాకాలం నీళ్లు కార్లోకే."

తూము! ఆ మాట చెవిన పడగానే నాకు మా మండువా లోగిలి కళ్లముందు నిలిచింది.

మండువా ఇల్లంటే ఈకాలం పిల్లలకి చెప్పాలి. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్లూ నడిమి గుంటలో పడి, తూములోంచి వీధిలోకి పోయేవి. మన గొప్పే అనుకునేదాన్ని. మా ఊళ్లో 1918లో వెలసిన సారస్వత నికేతనంలో, చిన్నప్పుడు ఒక పుస్తకంలో రోమన్ల ఇళ్ల బొమ్మ చూశాను. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పడిపోయిన పాంపేయి నగరంలోనూ ఇంటి నడుమ ఆకాశమే, కింద నీటి గుంటే! కార్లకి ఈ ముచ్చట చాలా ఆలస్యంగా పట్టింది. జర్మనీలో వెబాస్టో కంపెనీ 1932లో కార్లకి మడతపెట్టే పైకప్పు చేసింది. అమెరికాలో నాష్ కార్లకి 1937లో జరిపే పైకప్పు వచ్చింది. మీటలూ మోటార్లూ ఆ తర్వాతి సంగతి.

అయితే నెత్తిమీద ఆకాశం కావాలనుకున్నవాళ్లు ముందు తూము సంగతి చూసుకోవాలి. అది నాకు నేర్పింది మా నాయనమ్మ. 1977 నవంబరు 19 తుపాను రోజున నాకు పదమూడేళ్లు. కొబ్బరాకులూ, పెంకులూ వచ్చి మండువాలో పడుతున్నాయి. గుంట నిండి నీళ్లు వసారా ఎక్కాయి. మగవాళ్లు తలుపులకి అడ్డంగా నిలబడి గాలిని ఆపుతున్నారు. నాయనమ్మ గోనెపట్టా కప్పుకుని గుంటలోకి దిగి, తూములో భుజం దాకా చెయ్యి పెట్టి చెత్త లాగింది. ఒక్కసారిగా గుడగుడమంటూ నీళ్లు తీశాయి. గదిలో పదిహేను రోజుల పసివాడితో మా పిన్ని ఉంది. దివిసీమను ఉప్పెన ముంచిందనీ, వేలమంది పోయారనీ తర్వాత తెలిసింది. నాయనమ్మ మాత్రం మోచేతి గీరుకి పసుపు రాసుకుని పొయ్యి రాజేసింది.

ఇప్పుడా మండువా మీద మా తమ్ముడు శ్లాబు పోయించాడు. "దోమలక్కా, దొంగల భయం" అన్నాడు. కాదనలేను. ఇంట్లో పట్టపగలు కూడా లైటు వెయ్యాల్సిందే. తూము సిమెంటుతో మూసేశారు.

సాయంత్రం కారు వాకిట్లో నిలిపి, పైకిటికీ తెరిచాం. మనవరాలు సీటెక్కి తల బయట పెట్టబోయింది. "బండి కదిలేటప్పుడు మాత్రం ఈ పని చెయ్యకు, బ్రేకు పడితే మెడకే దెబ్బ" అని కూర్చోబెట్టి, దాని పక్కన నేనూ వెనక్కి వాలాను. చుక్కలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "నానమ్మా, మీ ఇంట్లోంచి ఇలాగే కనపడేవా?" అంది.

"ఇంతకన్నా బోలెడు. మీట కూడా నొక్కక్కర్లేదు" అన్నాను.