గడువు కోరిన కథ: పాలమూరు సంస్థానసీమలో బాలనాగమ్మ

గద్వాల, వనపర్తి, కొల్లాపురము అను పేరులు చెవిసోకినంతనే సాహిత్యవిద్యార్థికి ముందుగా స్ఫురించునవి సంస్థానప్రభువుల విద్వత్సభలు, అవధానములు, శ్లేషకావ్యములు. ‘విద్వద్గద్వాల’ యను ప్రసిద్ధి ఊరక వచ్చినది కాదు. తిరుపతి వేంకటకవులంతటివారు ఈ యాస్థానముల మెట్లెక్కి సత్కారముల నందిరి. జటప్రోలు (కొల్లాపుర) సంస్థాన ప్రభువైన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించెను. ఎలకూచి బాలసరస్వతి రాముని కథను, కృష్ణుని కథను, పాండవుల కథను ఒకే పద్యమునందు ముప్పేటగా అల్లి రాఘవయాదవపాండవీయమును వెలయించెను. ఒక్క పద్యమున మూడు కథలు చెప్పగల పాండిత్యము కోటలోపల వర్ధిల్లుచుండగా, కోటగుమ్మమునకు వెలుపల, రచ్చకట్ట కడ, ఒక్క కథనే పెక్కు రాత్రులు చెప్పగల నేర్పు మరియొకటి వర్ధిల్లినది. లోపలి కావ్యములను నేడు చదువువారు పదుగురు పండితులు. వెలుపలి కథలలో బాలనాగమ్మ పేరెరుగని తెలుగువాడు అరుదు. ఈ తారతమ్యమునకు కారణమేమో విచారించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

కథ అందరెరిగినదే యైనను దాని కట్టుబాటు తెలియుటకై క్లుప్తముగా చెప్పవలసియున్నది. నవభోజరాజునకు భూలక్ష్మీదేవియందు, జటంగిముని వరమున, ఏడుగురు కూతుళ్లు కలిగిరి. వారిలో కడగొట్టుది బాలనాగమ్మ. తల్లి గతించిన పిదప వచ్చిన మారుతల్లి మాణిక్యాలదేవి ప్రేరణచే తండ్రియే వారిని అడవిపాలు చేసెను. కడకు బాలనాగమ్మ కార్యవర్ధిరాజును పెండ్లాడి, బాలవర్ధిరాజును కని, సుఖముగా నుండగా, మాయల ఫకీరు బిచ్చగాని వేషమున వచ్చి, ఆమెను కుక్కగా మార్చి కొనిపోయెను. వెదుకబోయిన కార్యవర్ధి సేనతో కూడ శిలయైపోయెను. చెరలోని బాలనాగమ్మ తాను వ్రతమున నున్నాననియు, అది తీరునంతవరకు తన్ను తాకరాదనియు చెప్పి ఫకీరును దూరముననే నిలిపెను. పదునాలుగేండ్ల బాలుడైన కొడుకు తంబళి పెద్ది యను పూలవారి ముసలిదాని సాయమున తల్లిని కలసికొని, ఫకీరు ప్రాణము దూరదేశమున ఒక చిలుకలో నున్నదని తెలిసికొని, ఆ చిలుకను పట్టి తెచ్చి వాని నంతమొందించెను.

ఈ కథ తెలుగుసీమకే పరిమితమైనది కాదనుటకు ప్రబలమైన సాక్ష్యము 1868లో లండనులో వెలువడిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ గ్రంథమున గలదు. బొంబాయి గవర్నరైన బార్టిల్ ఫ్రియరు కుమార్తె మేరీ ఫ్రియరు, తమ యింటి ఆయాయైన అన్నా లిబరాటా డిసౌజా నోట విని వ్రాసికొన్న కథలలో మొదటిది ‘పంచ్‌కిన్’. అందును ఏడుగురు రాజకుమార్తెలు, మారుతల్లి, అడవి; అందును ఫకీరు వేషమున వచ్చిన మాంత్రికుడు, నల్లని చిన్న కుక్కగా మారిన కడగొట్టు కూతురు, శిలలైన రాజకుమారులు, పచ్చని చిలుకలో మాంత్రికుని ప్రాణము. ఆ కడగొట్టు కూతురి పేరు బాల్నా! మన తంబళి పెద్ది యుండవలసినచోట అందు తోటమాలి భార్య యున్నది. అన్నా డిసౌజా క్రైస్తవురాలైనను ఆమె పూర్వులు లింగాయతులు; కథ మతము మారినవారి వెంట కూడ మారక నడచినదన్నమాట. ఫ్రేజరు తన ‘గోల్డెన్ బౌ’లో దేహమునకు వెలుపల దాచిన ప్రాణమునుగూర్చి చర్చించుచు దీనిని ఉదాహరించెను. రష్యాదేశపు జానపదకథలలోని మాంత్రికుడు కష్చేయి ప్రాణము గ్రుడ్డులో నుండుటయు ఈ కోవలోనిదే. దానిని గ్రహించి స్ట్రావిన్‌స్కీ సంగీతమును, ఫోకిన్ నృత్యమును కూర్చిన ‘అగ్నిపక్షి’ 1910లో ప్యారిస్ రంగస్థలమున ప్రదర్శితమైనపుడు, గ్రుడ్డు పగిలినంతనే శిలలైన వీరులు ప్రాణము దాల్చి లేచిరి. కార్యవర్ధి సేన లేచినట్లే!

అయితే చిలుకలోని ప్రాణమే ఈ కథ కింతటి ఆయుర్దాయము నిచ్చినదనుట నాకు సమ్మతము కాదు. ప్రాణము దాచిన మాంత్రికులు లోకమున కోకొల్లలు. వారిలో పెక్కుర పేరులు పుస్తకములందే మిగిలినవి. బాలనాగమ్మ కథకు జీవగఱ్ఱ ఆమె కోరిన గడువు. ఆమెకు మంత్రము రాదు, ఆయుధము లేదు, రక్షింపవచ్చిన మగడు రాయియైనాడు. ఆమె చేతనున్న దొక్కటే, ‘ఇంకను కాదు’ అను మాట. ఆ మాటను వ్రతముగా ముడివేసి, ఆ ముడిని ఫకీరు విప్పలేకుండ చేసి, ఏండ్లను దొరలించినది. ఎంతటి మాయావికైనను నోమునకు భంగము చేయుటకు జంకు గలదన్న నమ్మకము ఆ యెత్తునకు బలము. ఇంటింట వరలక్ష్మీవ్రతములు, అట్లతద్దెలు నోచు శ్రోతలకు ఆ తర్కమును వివరింపనక్కరలేదు. కష్టకాలమున పనులకై దూరదేశములకు పోయిన మగవారికొరకు ఎదురుచూచుట పాలమూరు ఇండ్లకు కొత్త కాదు గనుక, ఇక్కడి స్త్రీలకు ఈ ఘట్టము మరింత దగ్గరగా వినబడుననియు నా నమ్మకము.

ఈ గడువునకును కథ చెప్పు పద్ధతికిని గల పొందిక గమనింపదగినది. బుడగజంగాలు తంబుర భుజాన వేసికొని, వ్రేలి అందెలు మ్రోగించుచు, ఇరువైపుల గుమ్మెటలతో వంతలు తాళము పట్టగా చెప్పు కథ ఒక్కరాత్రితో తెమలదు. తెల్లవారుచుండగా కథకుడు సరిగా ఒక చిక్కుకడ ఆపును. ఊరివారు మరునాటి రాత్రికి కూడవలసినదే, ఆ దినపు బత్తెము కథకునికి ముట్టవలసినదే. అనగా ఫకీరును బాలనాగమ్మ ఎట్లు నిలిపినదో, శ్రోతలను కథకుడును అట్లే నిలుపుచున్నాడు. కథలోని ఎత్తుగడయు కథకుని బ్రదుకుతెరువును ఒక్కటే యగుట యీ కథ భాగ్యము. దీనిని సంగ్రహించి అరగంటలో చెప్పినచో మిగులునది మాయలు మాత్రమే.

ఆ మాయలు రంగస్థలమునకు కావలసినవి. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి నాటకసమాజమువారికి బాలనాగమ్మ ప్రియమైన ప్రదర్శనములలో నొకటి. (జటప్రోలు సురభివారికిని వీరికిని పేరొక్కటే గాని సంబంధము లేదు, పలువురు పొరబడుదురు కాబట్టి చెప్పితిని.) తెర తొలగునప్పటికి మారిపోయిన రూపము, పొగలోనుండి వెడలు మాంత్రికుడు, కన్నులయెదుటనే కుక్కయైన రాణి: ఇవి చూడవచ్చిన పసివారి కెంత మోజో, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించు ఆ కుటుంబ నాటకములందు చెరలోని తల్లి దుఃఖమును చూడవచ్చిన వారి తల్లుల కంత మోజు.

చలనచిత్రము ఇంకొక మలుపు త్రిప్పినది. 1942లో ఎస్. ఎస్. వాసన్ జెమినీ సంస్థ తరఫున చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున నిర్మించిన ‘బాలనాగమ్మ’లో కాంచనమాల నాయిక, పుష్పవల్లి మాంత్రికుని ప్రేయసియైన సంగు, అయినను జనులు ఇంటికి మోసికొనిపోయినది గోవిందరాజుల సుబ్బారావుగారి మాయల మరాఠీని (ఫకీరు పాత్రకు ఆ చిత్రమున ఆ పేరు). ఆ కథనే వాసన్ 1954లో ‘బహుత్ దిన్ హువే’ అను పేర హిందీకి చేర్చెను. 1959లో వేదాంతం రాఘవయ్య తీసిన చిత్రమున అంజలీదేవి నాయిక కాగా మాంత్రికుడు ఎస్. వి. రంగారావు. ఎదురుచూపును చిత్రించుట కెమెరాకు కష్టము, దుష్టుని కనుబొమలను చిత్రించుట సులభము. కాబట్టి తెరపై కథ బాలనాగమ్మ చేజారి మాంత్రికుని చేత చిక్కినది. ఇది నష్టమేయని నా అభిప్రాయము.

ఒకచోట ఫకీరు, ఒకచోట మరాఠీ యగుటలో ద్వేషమును వెదకువారున్నారు. దండయాత్రలు చూచిన సీమలందు పరదేశిభీతి పాత్రల పేరులలో నిలుచుట నిజమే. కాని పీర్లపండుగకు హిందువులు కుడుకలు, ఊదు సమర్పించు ఈ ప్రాంతమున ఫకీరన్నది నిందావాచకము కాదు. గుమ్మమున నిలిచి భిక్ష మడుగు పరదేశికి ఏ వేషము సహజమో కథ ఆ వేషము తొడిగినది. ‘పంచ్‌కిన్’లో సైతము అది మాంత్రికుడు ధరించిన వేషమే.

వనపర్తి జిల్లాలోని పానగల్లు కోటకడ ఈ కథ నేలకు దిగినది. బహమనీ ఫిరోజుషాకును విజయనగర దేవరాయలకును 15వ శతాబ్ది తొలిపాదమున జరిగిన యుద్ధముతో చరిత్రకారు లీ కోటపేరును ముడిపెట్టుదురు. ఊరివారు మాత్రము కథలో వచ్చు పానుగంటి యను పట్టణము తమ పానగల్లే యని చెప్పుకొందురు. పేరుల పోలిక చారిత్రక ప్రమాణము కానేరదు. కాని సుల్తానును ఓడించిన రాజుకంటె, గడువు కోరి నిలిచిన రాణియే ఆ కొండరాళ్లకు దగ్గర చుట్టమగుట పరిశోధకుడు ఉపేక్షింపదగిన విషయము కాదు.

బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయసాహిత్యము’ 1958లో వెలువడిన నాటినుండి మనవారు సేకరించిన కథలకు కొదువ లేదు. కొదువయైనది రాత్రుల లెక్క. కావున ఇకముందు గద్వాల, నాగర్‌కర్నూలు పల్లెలకు బోవు పరిశోధకులకు నా విన్నప మొక్కటే: బాలనాగమ్మ కథాసారమును వ్రాసికొని రావలదు, అది అచ్చుపుస్తకములందు దొరకును. కథకుడు ఏ రాత్రి ఎచట ఆపెనో, బాలనాగమ్మ ఎన్నిమారులు, ఏ యే మాటలతో గడువడిగినదో, అది వ్రాసికొని రండు.