విధేయత వెల ఎంత?

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున, పత్తి, మిరప పండే నల్లరేగడి పల్లె మాది. అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఏటా ఒకమారు ఇంటికి వస్తాను. నిరుడు టికెట్టు కొనబోతూ ఒక మీమాంసలో పడ్డాను. ఒక విమాన సంస్థ వద్ద నాకున్న గోల్డ్ హోదా నిలవాలంటే మళ్ళీ ఆ సంస్థ విమానమే ఎక్కాలి. వెల ఎక్కువ, దారిలో ఒక మజిలీ అదనం. గల్ఫ్ మీదుగా హైదరాబాదుకు వచ్చే టికెట్టు చవుక; కాని హోదా పోతుంది.

ఈ హోదాల పుట్టుక తెలిస్తే గాని ప్రశ్న తేలదు. అమెరికాలో 1978 వరకు విమాన ఛార్జీలు ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. ఆ ఏడు చట్టం మారి పోటీ మొదలైంది. ప్రయాణికుడు చేజారకుండా 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ళ పథకం పెట్టింది, తక్కినవారు అనుసరించారు. ఇందులోని కిటుకు ఒక్కటే: టికెట్టు కొనేది కంపెనీ, మైళ్ళు పుచ్చుకొనేది ఉద్యోగి. సొంత సొమ్ముతో ఎక్కే నావంటివాడు ఈ లెక్కలో మొదటినుంచీ పరాయివాడే. 2014లో డెల్టా, యునైటెడ్ సంస్థలు దూరంతోపాటు కనీస ఖర్చు నియమం కూడా పెట్టాయి. 2024 నుంచి డెల్టాలో హోదాకు ఖర్చే కొలమానం.

మన దేశపు అనుభవమూ చూడవలసినదే. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో నేలకు దిగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. జెట్ పాయింట్లు వేరే పేరున కొంతకాలం బతికినా, ఆ హోదాతో ముందుగా ఎక్కడానికి విమానమే లేకపోయింది.

హోదాలో సుఖం లేదనను. అదనపు పెట్టె ఒకటి ఉచితమంటే ఆవకాయ, గోంగూర, కారం మోసుకుపోయే మనకు చిన్న సంగతి కాదు. కాని ఆ హోదా నాది. ఒంటరిగా ప్రయాణించే అమ్మకు అది అక్కరకు రాదు. ఆమెకు కావలసిన చక్రాల కుర్చీ అడిగిన వారికెల్లా ఉచితమే.

నాన్నకు ఇదంతా ఫోనులో వివరించాను. ఆయన గుంటూరు మిర్చి యార్డుకు ఏళ్ళ తరబడి టిక్కీలు తోలిన మనిషి. పెట్టుబడికి కమీషన్ వ్యాపారి వద్ద బాకీ తెచ్చుకున్న రైతు, పంట ఆ కొట్టుకే వేయాలి. వ్యాపారి కాఫీ ఇప్పిస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. పక్క కొట్టులో ధర ఎక్కువ పలికినా రైతు కదలలేడు.

"నువ్వు ఆయనకు బాకీ ఉన్నావా?" అన్నాడు నాన్న.

"లేదు."

"మరి బాకీ లేకుండానే కట్టుబడ్డావేమిరా?"

జవాబు తోచలేదు. కంపెనీ ఖర్చుతో నెలనెలా తిరిగేవారికి హోదా తనంతట తానే వస్తుంది. వారు కాదనవలసిన పని లేదు. దానికోసం దారి మళ్ళించుకొని, చేతి డబ్బు పోసేవాడు కొనుక్కొనేది ఒక్క ఏడాది మర్యాద. నేను చవుక టికెట్టు కొన్నాను. మిగిలిన సొమ్ముకు మరికొంత కలిపి అమ్మకు వేసవి ప్రయాణానికి టికెట్టు తీశాను. గోల్డ్ కార్డు గడువు తీరింది. ఊళ్ళో ఎవరూ గమనించలేదు.