నోటు మీద ఆమె ఎవరు?

వరలక్ష్మీ వ్రతం నాడు మా ఇంట్లో కలశం ముందు పసుపు కుంకుమల పక్కన కరకరలాడే నోట్లు కొన్ని పెడతారు. నోటు కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. డబ్బును లక్ష్మి అనే పిలుస్తాం. ఇంతా చేస్తే మన నోటు మీద లక్ష్మి లేదు, మరే ఆడమనిషి ముఖమూ లేదు. నాణేలకు ఈ లోటు లేదు. గుప్తుల బంగారు నాణేల వెనకవైపు లక్ష్మి కూర్చుని ఉంటుంది. మొదటి చంద్రగుప్తుడి పక్కన కుమారదేవి పేరుతో సహా నిలబడింది. ఘోరీ మహమ్మద్ అంతటివాడు కూడా ఉత్తరాదిని గెలిచాక వేయించిన బంగారు నాణెం మీద లక్ష్మిని కదపలేదు. మరి కాగితం దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఈ తిక్క ప్రశ్నతోనే నేను ఆడవాళ్ల బొమ్మలున్న నోట్లు పోగుచెయ్యడం మొదలుపెట్టాను.

మొదటి పాఠం త్వరగానే తెలిసింది. కాగితపు నోటు మీదికి ముందుగా ఎక్కినవాళ్లు ఆడవాళ్లే. కాకపోతే ఆ ఆడవాళ్లెవరూ లోకంలో పుట్టినవాళ్లు కారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1694లో పుట్టినప్పటి నుంచీ దాని నోట్లకు కాపలా బ్రిటానియా అనే ఒక ఊహామూర్తి. మన దేశంలో బ్యాంక్ ఆఫ్ బెంగాల్ వేసిన ఒక వరుస నోట్ల మీద ఓడరేవు గట్టున కూర్చున్న ఒక స్త్రీ ఉంటుంది. ఆమె పేరు వాణిజ్యం. పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఆమెను లేపి ఆ చోట బ్రిటానియాను కూర్చోబెట్టారు. వాణిజ్యం కోసం వచ్చినవాళ్లు పాలకులైన కథ మొత్తం ఆ ఒక్క మార్పులో కనిపిస్తుంది.

1861లో నోట్లు వేసే హక్కును సర్కారే తీసుకుంది. అప్పుడొచ్చిన మొదటి వరుస మీద ఉన్నది విక్టోరియా రాణి. పది, ఇరవై, యాభై, వంద, వెయ్యి రూపాయల నోట్లు, ఒకవైపే అచ్చు, రెండు భాషల్లో రాత. దొంగ నోట్లు విపరీతంగా పుట్టుకొచ్చాయి. 1867లో ఆ వరుసను వెనక్కి తీసుకుని ముఖం లేని నోట్లు దించారు. ఆ తరవాత జార్జి రాజులొచ్చారు, అశోకుడి సింహాలొచ్చాయి, గాంధీ వచ్చాడు. స్వతంత్ర భారతంలో పేరున్న ఏ స్త్రీకీ నోటు మీద చోటు దక్కలేదు. పాత ఐదొందల నోటు వెనక గాంధీ దండి యాత్ర శిల్పం ఉండేది, గుర్తుందా? ఆయన వెనక నడిచేవాళ్లలో ఆడవాళ్లున్నారు. నోట్ల రద్దుతో వాళ్లూ వెళ్లిపోయారు.

నా ఆల్బంలో నాకు ఇష్టమైన పేజీ ఒకటుంది. అందులో ముగ్గురు. ముగ్గురిదీ ముఖం ఒకరిది, పేరు మరొకరిది.

మొదటామె జపాను మహారాణి జింగు. 1881 నాటి ఒక యెన్ నోటు మీద ఉంది. జపాను నోట్ల మీద అచ్చయిన మొదటి ముఖచిత్రం అదే. జింగు పురాణాల నాటి మనిషి, ఎలా ఉండేదో ఎవరు చూశారు? నోటు చెక్కే పని ఎడోఆర్డో కియొసోనె అనే ఇటలీ చెక్కుడు కళాకారుడికి పడింది. అతను అచ్చు కార్యాలయంలో పనిచేసే అమ్మాయిలనే నమూనాగా పెట్టుకుని చెక్కాడంటారు. వచ్చిన ముఖం సగం జపాను, సగం ఇటలీ. మన బొమ్మల కొలువులో దొరసాని బొమ్మకు నగలు పెట్టి సీతమ్మవారంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రెండో నోటు మెక్సికోది, ఐదు పెసోలు. చెవులకు లోలాకులు, మెడలో దండలు. జనం ఆమెను 'హితానా' అని పిలిచారు, అంటే జిప్సీ పిల్ల. 1925లో ఆ నోటు వచ్చీ రాగానే దేశమంతా గుసగుసలు. ఆమె ఆర్థికమంత్రి అల్బెర్తో పానీ ప్రియురాలని, గ్లోరియా ఫౌరె అనే నటి అని. కథ రుచిగా ఉంది గానీ నిలవదు. ఆ బొమ్మను అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ చెక్కుడు పనివాడు 1910లోనే చెక్కి పెట్టాడు. కంపెనీ దస్త్రాల్లో దాని పేరు అల్జీరియా అమ్మాయి ఊహాచిత్రం. అప్పట్లో నోట్ల కంపెనీల దగ్గర ఇలాంటి అందమైన ముఖాలు సిద్ధంగా ఉండేవి. కావలసినవాళ్లు ఎంచుకుని వేయించుకునేవారు, పెళ్లిశుభలేఖల దుకాణంలో వినాయకుణ్ణి ఎంచుకున్నట్టు. ఎవరూ కాని ఆ పిల్ల నలభై ఏళ్లకు పైగా మెక్సికో జేబుల్లో తిరిగింది.

మూడోది ఐర్లండు. కొత్తగా ఏర్పడిన ఆ దేశానికి 1928లో సొంత నోట్లు కావలసివచ్చాయి. చిత్రకారుడు జాన్ లావరీని అడిగితే ఆయన తన భార్య హేజల్ ముఖాన్నే ఇచ్చాడు, ఐర్లండు తల్లి వేషంలో, శాలువా కప్పి. హేజల్ పుట్టింది అమెరికాలోని చికాగోలో. కవుల ఊహలోని దేశమాతకు చికాగో అమ్మాయి ముఖం! నోట్ల మీద నుంచి ఆమె చిత్రం 1970ల్లో దిగిపోయినా వాటర్‌మార్కులో నీడలా మిగిలింది. 2002లో యూరో వచ్చేదాకా ఐరిష్ నోటును వెలుతురుకు పట్టి చూస్తే లోపల ఆమె ఉండేది.

అసలు మనుషుల ముఖాలు నోట్ల మీద ఉండటానికి దొంగ నోట్ల భయం ఒక పెద్ద కారణం. చెట్టులో ఒక ఆకు తగ్గినా మనకు తెలియదు. తెలిసిన ముఖంలో కనుబొమ వెంట్రుకవాసి పక్కకు జరిగితే మాత్రం ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది. అందుకే ఉక్కు పలక మీద వేల గీతలతో ముఖం చెక్కుతారు. గడ్డాలు, మీసాలు, ముడతలు ఉంటే గీతలకు బోలెడంత చోటు, కాపీ కొట్టేవాడికి అంత కష్టం. ఆడవాళ్లను దూరం పెట్టడానికి ఇదొక సాకుగా చాలాకాలం పనికొచ్చింది. 2004లో జపాను ఐదు వేల యెన్ల నోటు మీదికి రచయిత్రి హిగుచి ఇచియోను తెచ్చినప్పుడు, ముడత లేని ఆ ముఖాన్ని చెక్కడం పనివాళ్లకు నిజంగానే తలనొప్పి అయింది. ముడతలెక్కడి నుంచి వస్తాయి? ఆమె 24 ఏళ్లకే క్షయతో పోయింది, 1896లో. తండ్రి పోయాక ఇల్లు నడపడానికి అప్పులు చేసింది, చిల్లర కొట్టు పెట్టి నష్టపోయింది. బతికుండగా డబ్బు ఆమె చేతిలో నిలిచింది లేదు.

పేరూ ముఖమూ రెండూ తమవే అయిన ఆడవాళ్లు రాణులను మినహాయిస్తే చాలా ఆలస్యంగా వచ్చారు. అమెరికాలో మార్తా వాషింగ్టన్ 1886లోనే ఒక డాలరు నోటు మీదికి ఎక్కింది, అదీ మొదటి అధ్యక్షుడి ఇల్లాలిగా. మొగుడి పేరుతో పని లేకుండా ఎక్కిన వారిలో నాకు నచ్చింది చైనా 1 యువాన్ నోటు మీది ట్రాక్టరు నడిపే పిల్ల. 1960ల నాటి నోటు. ఆ బొమ్మకు మూలమైన మనిషి లియాంగ్ జున్ అని చెబుతారు, ఆ దేశపు మొదటి మహిళా ట్రాక్టరు డ్రైవరు. నోటు మీద మాత్రం పేరు వేయలేదు.

జర్మనీ 1990లో మొదలుపెట్టిన మార్కుల వరుసలో లెక్క సరిచేసింది. ఎనిమిది నోట్లలో నాలుగు ఆడవాళ్లవి. బ్రిటన్‌లో దీనికి గొడవే జరిగింది. 2013లో ఐదు పౌన్ల మీది ఎలిజబెత్ ఫ్రైని తీసి చర్చిల్‌ను వేస్తామన్నారు. రాణిని మినహాయిస్తే ఇక ఒక్క ఆడమనిషీ మిగలదని కరోలైన్ క్రియాడో పెరెజ్ ఉద్యమం లేవదీసింది. ఫలితంగా 2017లో పది పౌన్ల మీదికి జేన్ ఆస్టెన్ వచ్చింది. నోటు మీద చదవడంలోని ఆనందం గురించి ఆమె నవలలోని ఒక వాక్యం వేశారు. నవలలో ఆ మాట అనేది పుస్తకం అంటే ఏ ఆసక్తీ లేక, పెళ్లాడాలనుకున్నవాడి మెప్పు కోసం చదువుతున్నట్టు నటించే పాత్ర! ఆస్టెన్ చూసి ఉంటే ఇంకో నవల రాసేది.

కెనడా పది డాలర్ల నోటు చేతిలోకి తీసుకుంటే నిలువుగా పట్టుకోవాలి. దాని మీద వయోలా డెస్మండ్. నల్లజాతి స్త్రీ, సొంతంగా బ్యూటీ పార్లర్ నడిపేది. 1946లో నోవా స్కోషియాలోని ఒక సినిమా హాల్లో కింది సీట్లో కూర్చుంది. అక్కడ తెల్లవాళ్లే కూర్చునేవారు. లేవనన్నందుకు జైల్లో పెట్టారు. కేసు ఏమిటంటే, పై బాల్కనీ టికెట్టుకూ కింది టికెట్టుకూ మధ్య పన్నులో తేడా ఒక్క సెంటు, అది ఎగ్గొట్టిందని. కింది టికెట్టు డబ్బులు ఇస్తానన్నా తీసుకోకుండా వాళ్లే పై టికెట్టు ఇచ్చారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. 2018లో అదే దేశం ఆమెను నోటు మీదికి ఎక్కించింది.

సేకరించేవాళ్లకు ఒక మాట. ఎలిజబెత్ రాణికి వేరే ఆల్బం పెట్టండి, లేకపోతే ఆమె ఒక్కతే మిగతావాళ్లందరినీ ముంచేస్తుంది. 1935 నాటి కెనడా ఇరవై డాలర్ల మీద ఎనిమిదేళ్ల పిల్లగా మొదలై ముసలితనం దాకా, ముప్పైకి పైగా దేశాల నోట్ల మీద ఉంది. కెనడాలోనే 1954 వరుసలో ఆమె జుట్టు మడతల్లో దయ్యం ముఖం కనబడుతోందని గోల చేస్తే పలకలు మార్చాల్సివచ్చింది. ఇకపోతే, నోట్లను చవక ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. పీవీసీలోని రసాయనం కొన్నేళ్లకు కాగితానికి జిడ్డులా పట్టేస్తుంది. నా మోంటిస్సోరి వెయ్యి లీరాల నోటు అలాగే పాడైంది. మద్రాసు అడయారులో ఉండి మన టీచర్లకు పాఠాలు చెప్పిన మనిషి కదా అని మరీ వెతికి కొన్నాను.

చివరగా ఆస్ట్రేలియా. అక్కడ ఐదు డాలర్లది తప్ప ప్రతి నోటుకూ రెండు ముఖాలు, ఒకవైపు ఆడ, ఒకవైపు మగ. అందుకే మెల్‌బోర్న్‌లో చదివే మా మేనల్లుడు ఊరొస్తే నాకు పండగ. అమెరికా నుంచి వచ్చే చుట్టాలు నా ఆల్బానికి ఎందుకూ పనికిరారు. వాడు తెచ్చిన ఇరవై డాలర్ల నోటు మీద కళ్లజోడు, కుచ్చుల టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. మేరీ రీబీ. ఇంగ్లండులో పదమూడేళ్లప్పుడు మగపిల్లాడి వేషంలో గుర్రాన్ని దొంగిలించి పట్టుబడింది. శిక్షగా ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపారు, 1792లో సిడ్నీలో దిగింది. ఈస్టిండియా కంపెనీ నౌకల్లో పనిచేసిన వాణ్ణి పెళ్లాడింది. 1811లో అతను పోతే ఏడుగురు పిల్లల్ని పెట్టుకుని ఓడలు, గిడ్డంగులు, భూములు తనే చూసుకుంది. ఆ దేశపు మొదటి బ్యాంకు 1817లో తలుపులు తెరిచింది ఆమె ఇంట్లోనే.

మొన్న శ్రావణంలో ఆ నోటు మా అత్తయ్య కంటపడింది. "ఎవర్రా ఈ ముత్తవ్వ, లక్ష్మీకళ ఉట్టిపడుతోంది" అంటూ తీసుకెళ్లి కలశం ముందు పెట్టేసింది. గుర్రం సంగతి నేను చెప్పలేదు.