ముక్కుకి ఒకటో తరగతి

వైన్ రుచి చూడటానికి కూడా కోర్సులా, పరీక్షలా, సర్టిఫికెట్లా అని చాలామంది నవ్వుతారు. నవ్వేవాళ్ళలో సగంమంది నాలాగే జావా సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి క్యూబికల్లో తగిలించుకున్నవాళ్ళే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోను. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఓ ఎనిమిది వారాల సాయంత్రం క్లాసులో చేరాను. అక్కడ నేర్పే పద్ధతి అసలు ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే మద్యనిషేధం, లెక్కల ప్రొఫెసరు, ఓ వాసనల చక్రం, చివరికి ఓ పేపర్ లీకు కూడా తగిలాయి. నిజం చెప్పాలంటే వైన్ కంటే ఆ చరిత్రే నాకు ఎక్కువ కిక్కిచ్చింది.

అందులో నాకర్థమైంది ముందే చెప్పేస్తాను. "ఈ గ్లాసులో ఏముంది?" అన్న ప్రశ్నకి జవాబు నేర్పొచ్చు, పరీక్ష పెట్టొచ్చు. "ఏది గొప్పది?" అన్న ప్రశ్నకి మాత్రం ఆ భరోసా లేదు. ఈ చదువు మొదటి ప్రశ్నకి కట్టుబడ్డ చోటల్లా నిలబడింది, రెండోదాని వెంట పడ్డ చోటల్లా తడబడింది. ఎలాగో చూద్దాం.

మద్యనిషేధం అనగానే మన తరానికి గుర్తొచ్చేది నెల్లూరు జిల్లా దూబగుంట. 1992లో అక్కడి ఆడవాళ్ళు చేసిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చేదాకా వెళ్ళింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అమెరికాలో కూడా నిషేధం వెనక పెద్ద బలం ఆడవాళ్ళదే. మొగుడి తాగుడుతో సంసారం గుల్లయిన ఇల్లాళ్ళ కోపం ఏ దేశంలోనైనా ఒకటే మరి. కాకపోతే అక్కడ నిషేధం 1920 నుంచి 1933 దాకా, దాదాపు పద్నాలుగేళ్ళు నడిచింది. ఓ తరం తన పనితనం మర్చిపోవడానికి ఆ కాలం చాలు.

విచిత్రమేమిటంటే ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలు తగ్గలేదు, పెరిగాయి! చట్టంలో ఓ వెసులుబాటు ఉంది. ఇంటి వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 750 లీటర్లు, పళ్ళరసం చేసుకోవచ్చు. ఆ రసం ఇంట్లో కూర్చుని తనంతట తానే పులిస్తే ఎవరేం చేస్తారు? దాంతో ద్రాక్షపళ్ళు రైళ్ళకెక్కి తూర్పు తీరానికి పోయాయి. అంత దూరం తట్టుకోవాలంటే తోలు మందంగా, రంగు ముదురుగా ఉండాలి. అందుకని సున్నితమైన రకాలు పీకేసి అలికాంటే బూషే లాంటి మోటు రకాలు నాటారు. నిషేధం పోయేసరికి మంచి తోటలు లేవు, పనితెలిసినవాళ్ళు లేరు, తాగేవాళ్ళకి తీపి, ఘాటు తప్ప వేరే రుచి గుర్తులేదు. కాలిఫోర్నియాలో తీపి వైన్‌ని మామూలు భోజనపు వైన్ దాటడానికి 1960ల చివరిదాకా పట్టింది.

ఈ శిథిలాల మధ్య మొదలైంది డేవిస్ కథ. ద్రాక్ష, వైన్ మీద పరిశోధన చెయ్యమని 1880లోనే రాష్ట్రం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి బాధ్యత అప్పజెప్పింది. నిషేధం తర్వాత ఆ పని డేవిస్ క్యాంపస్‌లో మళ్ళీ ఊపందుకుంది. 1935లో అక్కడ చేరిన మేనార్డ్ అమెరిన్, తన సీనియర్ ఆల్బర్ట్ వింక్లర్‌తో కలిసి రాష్ట్రమంతా తిరిగి పళ్ళు తెచ్చి, ఏ రకం ఏ వేడిలో ఎలాంటి వైన్ ఇస్తుందో చేసి చూశాడు. వందలకొద్దీ ప్రయోగాలు చేస్తే వందలకొద్దీ వైన్లు రుచి చూడాలి. "బావుంది", "పర్లేదు" అని రాసుకుంటే ఏ నివేదికా తేలదు. ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు రోజుల్లో ఒకే మాట చెప్పగలగాలి.

1959లో డేవిస్ వాళ్ళు 20 మార్కుల కార్డు ఒకటి తయారు చేశారు. మబ్బుగా ఉందా, తేటగా ఉందా? వెనిగర్ వాసన వస్తోందా? పులుపు తక్కువైందా? వగరు, చేదు మితిమీరాయా? ఇదీ వరస. గమనించారా, ఇది మెచ్చుకోలు పట్టిక కాదు, బగ్ లిస్టు! టెస్టింగ్ టీములో పనిచేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అమెరిన్ పక్కన ఎడ్వర్డ్ రోస్లర్ అనే గణిత ప్రొఫెసరు ఉండేవాడు. వైన్ రుచిని ఎలా అంచనా కట్టాలన్న దాని మీద ఇద్దరూ కలిసి 1976లో ఓ పుస్తకం వేశారు. అందులో సగం రుచి అయితే సగం స్టాటిస్టిక్స్. మూడు గ్లాసుల పరీక్ష ఇలాంటి సరుకే. మూడు గ్లాసులు పెడతారు, రెండింట్లో ఒకే వైన్, మూడోది వేరు. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి, పదిసార్లలో కనీసం ఏడు సరిగ్గా చెబితేనే "ఇతనికి తేడా తెలుస్తోంది" అని ఒప్పుకుంటారు. మా క్లాసులో ఈ పరీక్ష పెట్టిన రోజు, అప్పటిదాకా ఫ్రాన్సు యాత్రల గురించి గంటలు గంటలు చెప్పిన పెద్దమనుషులు కాస్త సైలెంటయ్యారు. నాకెందుకో ఆ నిశ్శబ్దం భలే నచ్చింది. ఆ గదిలో అందరి ముక్కులూ ఒక్కసారిగా సమానమైపోయాయి.

అదే 1976లో, మే 24న, పారిస్‌లో ఇంకో పరీక్ష జరిగింది. అక్కడ స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన వైన్ దుకాణంతో పాటు ఓ వైన్ బడి కూడా నడిపేవాడు. ఆయన తొమ్మిదిమంది ఫ్రెంచ్ ఉద్దండుల్ని కూర్చోబెట్టి, పేర్లు కనపడకుండా ఫ్రెంచ్, కాలిఫోర్నియా వైన్లు కలిపి పోశాడు. తెల్లవాటిలో షాటో మాంటలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, రెండూ 1973 నాటి నాపా లోయ సరుకే, మొదటి స్థానాలు కొట్టేశాయి. అక్కడున్న ఏకైక విలేకరి టైమ్ పత్రికకి చెందిన జార్జ్ టేబర్. నాపా వైన్ తాగి "అమ్మయ్య, ఫ్రాన్సుకి వచ్చేశాం" అన్న ధోరణిలో మాట్లాడిన జడ్జీ గురించి లోకానికి చెప్పింది ఆయనే. దీన్ని అమెరికా విజయంగా చెప్పుకుంటారు గానీ, నేను దీన్ని లేబుల్ ఓటమి అంటాను.

అమెరిన్ కార్డు తప్పుల్ని పట్టింది సరే. మరి తప్పుల్లేని వైన్‌లో ఏముందో చెప్పేదెలా? అప్పట్లో వాడే మాటలు వింటే నవ్వొస్తుంది. "హుందా అయిన వైన్", "నిజాయితీ గల వైన్"! అది వైనా, పెళ్ళిసంబంధమా? ఈ గొడవకి మందు కనిపెట్టింది ఆన్ నోబుల్. 1974లో డేవిస్‌లో చేరింది. ఆ విభాగంలో మొట్టమొదటి మహిళా ప్రొఫెసరు. 1984లో తన సహచరులతో కలిసి వైన్ వాసనలకి ఉమ్మడి పదజాలం ప్రచురించింది. దాన్నుంచి వచ్చిందే వాసనల చక్రం. మధ్యలో పన్నెండు పెద్ద జాతులు, బయటికి వెళ్ళేకొద్దీ వివరాలు. పండు, అందులో నిమ్మజాతి, అందులో గ్రేప్‌ఫ్రూట్, ఇలా. మన భాషలో చెప్పాలంటే క్లాస్ హైరార్కీ. హుందా, నిజాయితీ లాంటి మాటలకి అందులో చోటు లేదు. ఎదుటివాడు కూడా పసిగట్టగలిగిన వాసనకే చోటు.

నేర్పే పద్ధతి ఇంకా తమాషా. ఏ ప్రత్యేకతా లేని చవక వైన్ నాలుగైదు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చిన్న క్యాప్సికం ముక్క, ఒకదాంట్లో లవంగం, ఇంకోదాంట్లో చెంచాడు జామ్ వేసి మూత పెట్టాలి. కాసేపాగి మూత తీసి వాసన చూడాలి, పేరు గుర్తుపెట్టుకోవాలి. ముక్కుకి కిండర్‌గార్టెన్ అన్నమాట. కెమిస్ట్రీ కూడా ఈ పదాలకి సాక్ష్యం పలికింది. కబెర్నే సావిన్యాన్‌లో క్యాప్సికం వాసన కవి హృదయం కాదు. క్యాప్సికంలో ఉండే పైరజీన్ అనే పదార్థమే అందులోనూ ఉంది. లీటరు నీళ్ళలో గ్రాములో వంద కోట్లవ వంతులు ఒకటి రెండున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. షిరాజ్‌లో మిరియాల వాసన ఇచ్చే రొటండోన్‌ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో బయటపెట్టారు. మిరియాల్లో ఉన్నదీ అదే. అన్నట్టు, సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తగలదట. అందుకని పక్కవాడికి వచ్చే వాసన మీకు రాకపోతే మీది మట్టిబుర్ర అనుకోనక్కర్లేదు, ముక్కు తయారీయే వేరు.

ఇంతకీ సర్టిఫికెట్ల సంగతేంటి? ఆ కథ లండన్‌లో మొదలవుతుంది. వైన్ వర్తకుల సంఘాలు 1953లో మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్ష పెడితే 21 మంది రాశారు, ఆరుగురు గట్టెక్కారు. ఓ ఆడమనిషికి ఆ పట్టా దక్కింది 1970లో. వర్తకంతో సంబంధం లేని వ్యక్తికి దక్కింది 1984లో, జాన్సిస్ రాబిన్సన్‌కి. ఇండియాలో ఉంటూ సాధించిన మొదటి వ్యక్తి సోనల్ హాలండ్, 2016లో. ఇక కింది మెట్ల కోసం 1969లో వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ పెట్టారు. రంగు, వాసన, రుచి, ఆ తర్వాతే నిర్ణయం అని వరసగా నడిపించే వాళ్ళ పద్ధతి దేశదేశాలకీ పాకింది. తాతల నాటి నేలమాళిగ ఉన్నవాడికే దక్కే విద్య, ఫీజు కట్టి చదువుకుంటే ఎవరికైనా దక్కేదాకా వచ్చింది. ఫీజు తక్కువేం కాదు, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు రెండో ప్రశ్న దగ్గర ఏమైందో చూడండి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన రిటైరైన స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, సొంతంగా వైన్ కూడా చేస్తాడు. ఒక పోటీలో పతకం కొట్టిన వైన్ ఇంకో పోటీలో ఉత్త చేతుల్తో ఎందుకొస్తోందని ఆయన సందేహం. 2005 నుంచి కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో జడ్జీలకి చెప్పకుండా ఒకే సీసాలోని వైన్ మూడుసార్లు పోయించాడు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే వైన్‌కి దాదాపు ఒకే మార్కు ఇవ్వగలిగినవాళ్ళు పదిమందిలో ఒకరే. ఆ ఒకరు కూడా మరుసటేడు అలాగే ఇస్తారన్న నమ్మకం లేదు. ఇన్‌పుట్ మారకుండా అవుట్‌పుట్ మారే ప్రోగ్రాముని మనం ప్రొడక్షన్‌లో పెడతామా? దీనికి ముందు, 2001లో వచ్చిన బోర్డో ప్రయోగం ఇంకా ఘోరం. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకి ఇస్తే, దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. కళ్ళు ముక్కుని మోసం చేశాయి.

పేపర్ లీకు అన్నాను కదా. మాస్టర్ సొమ్మెలియే పరీక్షలో పేరు తెలియని ఆరు వైన్లని 25 నిమిషాల్లో గుర్తుపట్టాలి. 2018లో అమెరికాలో ఆ పరీక్షలో వైన్ల వివరాలు ముందే బయటికి పొక్కాయని తేలింది. కొత్తగా మాస్టర్లయిన 24 మందిలో 23 మందికి పట్టా రద్దు చేశారు. 2016లో తెలంగాణలో ఎంసెట్-2 లీకై వేలమంది పిల్లలు మళ్ళీ పరీక్ష రాయాల్సి వచ్చింది గుర్తుందా? అలాంటిదే. పట్టా విలువ పెరిగిన చోటికి ఈ జబ్బు రావడం ఖాయం, పరీక్ష లెక్కలదైనా ద్రాక్షరసానిదైనా.

ఇదంతా చదివి "అయితే వైన్ చదువంతా బూటకం" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. దొరికిపోయింది ర్యాంకులిచ్చే పని, తొందరపడి కళ్ళని నమ్మే అలవాటు. క్యాప్సికం వాసన పట్టడం నేర్చుకున్న ముక్కు నేర్చుకున్నట్టే. పైగా వీళ్ళని పట్టిచ్చింది ఎవరు? లేబుళ్ళు దాచి లెక్కలు కట్టడం నేర్పిన ఆ సంప్రదాయమే.

మన విషయానికొస్తే ఇంకో చిక్కుంది. క్లాసులో మాటిమాటికీ బ్లాక్‌కరెంట్ అంటారు. మనకి తెలిసింది ఆ పేరుగల ఐస్‌క్రీమే తప్ప ఆ పండు ఎవరు చూశారు? గూస్‌బెర్రీ అంటారు, అది మన ఉసిరికాయ కాదు. కానీ నోబుల్ పద్ధతిలో ఉన్న అందమే అది. ఆ చక్రంలో పదాలు ఆవిడ ఊరి వంటింటివి, పద్ధతి మాత్రం ఎవరి వంటింట్లోనైనా నడుస్తుంది. నా నోట్సులో నేరేడు పండు, చింతపండు, వేయించిన జీలకర్ర, ఎండుద్రాక్ష వచ్చి చేరాయి. పాతబడ్డ రీజ్లింగ్‌లో కిరోసిన్ వాసన వస్తుందని, అది చక్రంలో కూడా ఉందని చెప్పినప్పుడు తోటి విద్యార్థులు తెల్లమొహాలు వేశారు. రేషన్ షాపు క్యూలో డబ్బా పట్టుకు నిలబడ్డవాడికి కిరసనాయిలు వాసన ఎవరు నేర్పాలి?

ఇంకో మాట. టానిన్ వల్ల నోరు బిరుసెక్కడాన్ని చేదు నుంచి విడదీసి చెప్పడానికి తెల్లవాళ్ళు మొదట్లో తంటాలు పడతారు. మనకి దానికి వగరు అని సొంత పేరుంది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె దగ్గరే ఆ పాఠం అయిపోయింది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు ఒకే చెంచాలో పెట్టి, వేటికవి విడదీసి గుర్తుపట్టమని పసిపిల్లలకి నేర్పే పండగ మనది.

వైన్ తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. దూబగుంట ఆడవాళ్ళ మాట ఇప్పటికీ నిజమే, మద్యం మద్యమే. మా క్లాసులో కూడా చాలావరకు ఉమ్మేసేవాళ్ళం. కానీ రేపెప్పుడైనా ఎవరైనా గ్లాసు తిప్పుతూ గొప్పలు పోతుంటే బెదిరిపోకండి. "ఎంత గొప్పది?" అని కాకుండా "ఇందులో మీకేం తగిలింది?" అని అడగండి. జవాబుంటే అతని దగ్గర నేర్చుకోండి. లేకపోతే గ్లాసు పక్కన పెట్టి బిర్యానీ సంగతి చూడండి.