పెత్రమాసనాడు పేర్లు అడుగుతరు

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. రెండు కట్టెలు ఎగదొయ్యి కొడుకా, మంట జర మీదికి రావాలె. ఇయ్యాల పొద్దుగాల మీ నాయన అయ్యగారికి బియ్యం ఇస్తుంటే చూసిండ్రు గదా. తాత పోయి ఇన్నేండ్లాయె, ఆయనకు బియ్యమెందుకని అడిగితిరి. మంచిమాటే అడిగిండ్రు. చెప్త, ఇనుండ్రి.

భాద్రపద పున్నం ఎల్లిపోయినంక వచ్చే పదిహేను దినాలు పెద్దలయి. అయ్యగార్లు దాన్ని పితృపక్షమంటరు, మహాలయ పక్షమంటరు. ఆఖర్న వచ్చే అమాసే మన పెత్రమాస. ఆ దినాలల్ల పోయినోళ్లందరు గడప కాడికి వచ్చి నిలబడతరని మా అత్త చెప్పేది. అందుకే ఆ పక్షంల గడపల ఎవ్వరం కూసునేటోళ్లం కాదు, ఇంటికొచ్చినోన్ని ఉత్తచేతుల పంపేటోళ్లం కాదు.

అది ఎసొంటి కాలమో చూడుండ్రి. వానలు ఎనుకపడతయి, చెరువులు నిండి ఉంటయి. వరి పొట్టకొస్తది గని పంట ఇంకా ఇంటికి రాదు. మా చిన్నతనంల దినాం తిన్నది జొన్నగటుక, జొన్నరొట్టె. వరన్నమంటే పండుగకో, ఇంటికి చుట్టమొస్తెనో. నిరుటి బియ్యం ఆ యాళ్లకు అడుగంటేటియి. అయినా మా అత్త ఎండకాలంలనే ఒక చిన్న కుండల బియ్యం పోసి, మూతికి బట్ట కట్టి, అటుక మీద పెట్టేది. అవి పెద్దల బియ్యం. ఇంట్ల ఎంత ఇబ్బందైనా ఆ కుండ దించేది కాదు. ఉన్నోళ్లు ఇచ్చుడు గొప్ప కాదు బిడ్డా. లేని దినాలల్ల గూడ మా ఊర్లె బియ్యం ఇయ్యని ఇల్లు లేకుండె.

పెత్రమాస పొద్దున తానాలు చేసి చాటల అన్నీ సర్దేటోళ్లం. బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, బెల్లం, గుమ్మడికాయ ముక్క, బీరకాయలు, చామగడ్డలు. ఒక పూట వండుకొని తినెతందుకు ఏం కావాల్నో అన్నీ ఉండాలె. ఎవరి పేరు మీద వాళ్ల పాలు. అప్పుడు అయ్యగారు వేలికి దర్భ తొడిగిచ్చి అడుగుతడు: గోత్రమేంది? పేరేంది? తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలు. తండ్రి వసువుల రూపంల, తాత రుద్రుల రూపంల, ముత్తాత ఆదిత్యుల రూపంల వచ్చి పుచ్చుకుంటరని శాస్త్రం.

నేను కొత్తగ కాపురానికొచ్చిన యేడు ఒక ముచ్చట జరిగింది. మా మామ పీటమీద కూసున్నడు. తండ్రి పేరు చెప్పిండు, తాత పేరు చెప్పిండు, ముత్తాత పేరు గూడ చెప్పిండు. తల్లి పేరు చెప్పిండు. ఇగ నాయనమ్మ పేరు అడిగితే ఆగిండు. "అందరం ముసలవ్వ అనేటోళ్లం" అన్నడు. అయ్యగారు పెద్దమనిషి, ఏదన్న అమ్మవారి పేరు చెప్పి కానియ్యమన్నడు. తలుపు పక్కన నిలబడ్డ మా అత్త ఒప్పుకోలే. చాట తీసి పక్కకు పెట్టింది, కొంగు బిగిచ్చుకొని ఎనుక గల్లికి పోయింది. ముసలవ్వ పుట్టినూరి నుంచే వచ్చిన ఒక పండు ముసలామె ఆ గల్లిల ఉండేది. జరసేపటికి మా అత్త తిరిగొచ్చి, వాకిట్లకెల్లే గట్టిగ ఆ పేరు చెప్పింది. అప్పుడు మా మామ నువ్వులు కలిపిన నీళ్లు బొటనవేలికి, చూపుడువేలికి నడుమకెల్లి ఇడిసిండు. ఆయన చెయ్యి వణుకుడు నేను చూసిన. తనను ఎత్తుకొని తిప్పిన మనిషి పేరు అన్నేండ్లకు ఆయన నోటికొచ్చింది.

అటెన్క మా అత్త నాకు ఒక మాట చెప్పింది. మొగోళ్ల పేర్లు పట్టాల మీద ఉంటయి, పంచాయితి కాగితాల మీద ఉంటయి. ఆడది ఒకింట్ల బిడ్డ, ఇంకొకింట్ల కోడలు, ఆఖరికి అవ్వ. పేరు పెట్టి పిలిచేటోళ్లు ముందే పోతరు. అందుకే ఆడోళ్ల పేర్లు ఆడోళ్లమే యాదిల పెట్టుకోవాలె అన్నది.

ఈ పక్షంల ఎవర్నీ మరువకుండ పెద్దలు దినాలు గూడ పెట్టిండ్రు. ముత్తైదువగ పోయిన తల్లికి నవమి, అవిధవ నవమంటరు. ఆయుధంతోని చచ్చినోళ్లకు చతుర్దశి. తిథి తెల్వనోళ్లకు, ఎప్పుడు పోయిండ్రో ఎర్కలేనోళ్లకు అమాస. కన్నోళ్లకే కాదు, అత్తమామలకు, చదువు చెప్పిన గురువుకు, దోస్తుకు గూడ ఈ దినాలల్ల నీళ్లు ఇడుస్తరు. శక్తి ఉన్నోళ్లు కాళేశ్వరం పోయి గోదావరి, ప్రాణహిత కలిసే కాడ ఇడిసేటోళ్లు. లేనోళ్లకు ఊరి చెరువే గోదావరి.

మా ఇంట్ల తిథి తెల్వనాయన ఒకడున్నడు. మా మామ చిన్నతమ్ముడు. రజాకార్ల దినాలల్ల ఊరిడిసి పోయిండంట. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయినంక, పారిపోయినోళ్లు ఒక్కొక్కలే ఊర్లెకు తిరిగొచ్చిండ్రు. ఆయన రాలే. వాళ్లమ్మ బతికున్నన్ని దినాలు ఆ కొడుకు పేరు మీద బియ్యం ఇయ్యనియ్యలే. ఇస్తే పోయినట్టు ఒప్పుకున్నట్టే గదా. పెత్రమాసనాడు గూడ బతికున్నోళ్ల పల్లేలతోటే ఆయన పల్లెం పెట్టిచ్చేదంట. ఆమె కండ్లు మూసిన యేడు మొదలు ఆమె పాలు, దాని పక్కన కొడుకు పాలు ఇచ్చిండ్రు. అప్పటిసంది మా ఇంట్ల ఆ రెండు పేర్లు కలిపే చెప్తరు. మీ నాయన ఇయ్యాల చెప్పింది గూడ అట్లనే.

అయ్యగారికి బియ్యం ఇచ్చుడైనంక ఇంట్ల ఆకులు పెట్టుడు. మోదుగాకు ఇస్తార్లల్ల అన్నం, పప్పు, గారెలు, యాటకూర. కల్లు తాగినాయనకు ముంతల కల్లు, బీడీలు తాగినాయనకు బీడీల కట్ట. నిప్పుల మీద జర నెయ్యి, జర బువ్వ ఏసి ధూపం పట్టేటోళ్లు. ఒక ముద్ద పెంకుల మీద పెట్టి కాకి కోసం చూసేటోళ్లం. కాకి ముట్టేదాంక ఇంట్ల ఎవ్వరు తినేటోళ్లు కాదు. పోరగాండ్లు ఆకలితోని మొత్తుకుంటుంటే మా అత్త కర్ణుని కథ చెప్పేది. ఆయన బంగారం దానం చేసిండు గని అన్నం పెట్టలే. స్వర్గంల తిందామంటే విస్తరిల బంగారమే వచ్చిందంట. అన్నదానం చేసి రమ్మని ఆయన్ని పదిహేను దినాలు భూమ్మీదికి పంపిండ్రంట. ఆ దినాలే ఇవి అని చెప్పేది.

ఇగ పొద్దుమీకితే ఎంగిలిపూల బతుకమ్మ. ముందునాడే తెంపుకొచ్చిన పూలు ఒక రాత్రి ఇంట్ల నిద్ర చేస్తయి గన్క ఎంగిలిపూలు అని మా దిక్కు చెప్తరు. పొద్దుగాల పెద్దలకు పెట్టిన ఇంట్లనే, పొద్దుమీకి తంగేడు, గునుగు, బంతి వరుసలు పెట్టేటోళ్లం. నువ్వులు, నూకలు ఫలారం చేసేటోళ్లం. పెండ్లైన బిడ్డ తల్లిగారి పెద్దలకు బియ్యం ఇచ్చేది లేకుండె. అందుకే మా అత్త పూలు పేర్చుకుంట వాళ్ల తల్లిగారి ఆడోళ్ల ముచ్చట తీసేది. తంగేడు వరుసకు వాళ్ల అమ్మమ్మ ముచ్చట, గునుగు వరుసకు చిన్నమ్మ ముచ్చట. పేరు చెప్పకుండ ఏ ముచ్చటా మొదలుపెట్టకపోయేది. నేను గూడ అట్లనే నేర్చుకున్న.

ఇప్పుడు బియ్యానికి కొదువ లేదు. పండుగంటే సెలవున్నది, ఫోటోలున్నయి. 2014ల బతుకమ్మ రాష్ట్ర పండుగ గూడ ఆయె, నాకెంతో సంబురమైంది. గని అయ్యగారు అడిగే ఆ ఒక్క మాట ఉన్నది సూడు, పేరేందని, దానికి జవాబు దుకాణంల దొరకదు. ఇంట్ల పెద్దోళ్లు బతికున్నప్పుడే అడిగి పెట్టుకోవాలె.

మీ తాత పేరు మీకు తెలుసు. నా పేరు తెలుసు. నా అత్త పేరు తెలుసునా? మా అమ్మ పేరు? మీ అమ్మ వాళ్ల నాయనమ్మ పేరు? చూసిండ్రా, ఒకల మొఖం ఒకలు చూసుకుంటున్నరు. తప్పు మీది కాదు, ఇన్నొద్దులు చెప్పనోళ్లది. రేపు పొద్దుగాల సద్ది తిన్నంక ఒక నోటుబుక్కు తెచ్చుకొని నా కాడ కూసోండ్రి. నాకు ఎర్కున్నయి నేను రాపిస్త. ఎర్కలేనివాటికి మీ మేనత్తకు, మీ అమ్మమ్మకు ఫోన్ కలుపుండ్రి, నేనే అడుగుత. మొదలు ఆడోళ్ల పేర్లు రాద్దాం.