గుంటగలగరాకు: మరక వేరు, మొలక వేరు

వానలు పడిన తరువాత చేనిగట్ల మీద, కాలువల ఒడ్డున చిన్న తెల్లని పూలతో కనబడే మొక్క గుంటగలగర. ఇది చామంతి కుటుంబమునకు చెందినది. శాస్త్రనామము ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. దీని ఆకును అరచేతిలో నలిపితే పచ్చని రసము కొద్దిసేపటికే నల్లబడుతుంది. ఒకసారి ఒక విద్యార్థి అటువంటి మరకను చూపి, “జుట్టు పెరుగుతుందనుటకు ఇదే రుజువు కదా, మాస్టారూ?” అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానము ఈ మొక్క చరిత్రలోనే ఉన్నది.

సంస్కృతములో దీనిని భృంగరాజము, కేశరాజము అన్నారు. భృంగమనగా తుమ్మెద. మన ఇండ్లలో ఈ రసములో తడిపి ఆరబెట్టిన వత్తిని ఆముదముతో వెలిగించి, ఆ మసితో కాటుక చేసేవారు. రసమును నూనెలో కాచి తలకు రాసేవారు. జుట్టును నల్లబరచుట, పెంచుట అనే రెండు గుణములను కలిపి చెప్పుకొనుట అలవాటైనది. కాని వెంట్రుకకు రంగు అంటుట వేరు, చర్మములోని రోమకూపమునుండి కొత్త వెంట్రుక మొలచుట వేరు.

ఈ మొక్కకు దగ్గరి బంధువైన వెడీలియాకు పసుపుపచ్చని పూలు పూస్తాయి. మద్రాసులో ఆచార్య టి. ఆర్. గోవిందాచారి, ఆయన సహచరులు దానినుండి వెడెలోలాక్టోన్ అనే పదార్థమును వేరుచేసి, 1956లో దాని అణునిర్మాణమును ప్రకటించారు. ఆ అణువులో 16 కర్బన, 10 ఉదజని, 7 ఆమ్లజని పరమాణువులు ఉన్నాయి. గుంటగలగరలో కూడ ఈ పదార్థము ఉన్నది.

మరి జుట్టు సంగతి? 2008లో ప్రకటితమైన ఒక పరిశోధనలో తెల్ల ఎలుకల వీపుపై వెంట్రుకలు తీసివేసి, గుంటగలగర సారమును పూసినారు. పూయని ఎలుకలతో పోల్చగా వెంట్రుకలు మొలచుట ఆరంభమగుటకు పట్టిన కాలము సుమారు సగమునకు తగ్గినది. విశ్రాంతి దశనుండి పెరుగుదల దశకు వచ్చిన రోమకూపముల సంఖ్య కూడ పెరిగినది.

ఇక్కడ ఒక విశేషమును గమనించాలి. ఆ సారములలో ఒకటి పెట్రోలియం ఈథరుతో తీసినది. వెడెలోలాక్టోన్ వంటి ఫీనాలిక పదార్థములు ఆ ద్రవములో అంతగా కరగవు. స్టెరాల్ వంటి కొవ్వు స్వభావము గలవి బాగా కరుగుతాయి. కనుక ఘనతనంతటిని వెడెలోలాక్టోనుకే కట్టబెట్టుట తొందరపాటు. పైగా ఎలుకలో కనబడిన ఫలితము మనిషి బట్టతలపై రుజువైనట్లు కాదు. మనిషి తలవెంట్రుక కొన్ని సంవత్సరములపాటు పెరుగుతుంది. ఎలుక వెంట్రుకల పెరుగుదల కొద్ది వారములలో ముగుస్తుంది.

పెద్దల అనుభవము పరిశోధకులకు ఈ మొక్కను చూపినది. దానిని తేలికగా తీసివేయరాదు. కాని ఆ విద్యార్థి చేతిలోని మరక రసము నల్లబడుతుందని మాత్రమే చెప్పినది. జుట్టు మొలచుటను తేల్చవలసినది సారము పూసినవారిని, పూయనివారిని పక్కపక్కన ఉంచి లెక్కించి చూచే పరీక్షయే.